పాత బాబ్‌క్యాట్ పంపు పోయిందని ఎవరన్నా అంటే, డబ్బు తీసేముందు ఇది చదవండి



పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. కోళ్ళ ఫారాలూ డెయిరీలూ ఉన్న మనవాళ్ళు ఈమధ్య రెండు రకాల ప్రశ్నలు అడుగుతున్నారు. "కూలీలు దొరకట్లేదన్నా, సెకండ్ హ్యాండ్‌లో బాబ్‌క్యాట్ ఒకటి బేరానికొచ్చింది, కొనొచ్చా?" అని కొందరు. "కొన్నాం, ఇప్పుడు కదలట్లేదు, పంపు పోయిందంటున్నారు, ఏం చెయ్యమంటారు?" అని ఇంకొందరు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తే మంచిదనిపించింది.

నా దగ్గరున్నదీ పాతదే. నేను కొనేటప్పటికే మీటరు మీద 4,000 గంటలు దాటింది. లేయర్ షెడ్ల కింద పెంట తీయడానికీ, ట్రాక్టర్ ట్రక్కుల్లోకి ఎత్తడానికీ, మేత బస్తాలు జరపడానికీ వాడతాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే రోగాలకి కంపెనీతో పని లేదు. అసలు పేరు స్కిడ్ స్టీర్ లోడర్. ఏ కంపెనీదైనా మనవాళ్ళు బాబ్‌క్యాట్ అనే అంటారు, జేసీబీ అన్నట్టే. నేనూ అలాగే రాస్తాను.

ఒక సంగతి చాలామందికి తెలీదు. ఈ మిషన్ పుట్టిందే కోళ్ళ కోసం. 1957లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, రోత్సే అనే చిన్న ఊళ్ళో ఎడ్డీ వెలో అని టర్కీ కోళ్ళ రైతు ఉండేవాడు. షెడ్డులో స్తంభాల మధ్య తిరగాలి, పై అంతస్తు మీదికి కూడా ఎక్కించాలి, అంత చిన్నగా తేలిగ్గా ఉండే లోడర్ కావాలని ఆయన అడిగితే, ఆ ఊరి దగ్గర రిపేరు షాపు నడిపే సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు మూడు చక్రాల బండి ఒకటి తయారుచేసి ఇచ్చారు. మరుసటి ఏడు మెల్రో అనే కంపెనీ వాళ్ళని పిలిపించుకుంది. 1960లో నాలుగో చక్రం వచ్చింది. 1962లో బాబ్‌క్యాట్ అనే పేరు పెట్టారు. అది అక్కడి అడవిపిల్లి పేరు. అంటే మనం పెంటలో నడుపుతున్నామని మిషన్‌కేమీ చిన్నతనం కాదు, దాని పుట్టిల్లే అది. కాకపోతే పెంటే దాన్ని తినేసేది కూడా. ఆ విషయానికి వస్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో తెలుసుకోవాలి. అది తెలియకపోతే మెకానిక్ ఏది చెబితే అదే నమ్మాలి.

ఇందులో ట్రాక్టర్‌లా క్లచ్చూ గేర్‌బాక్సూ ఉండవు. ఇంజన్ హైడ్రాలిక్ పంపుల్ని తిప్పుతుంది. కొన్ని మోడళ్ళలో బెల్టుతో, కొన్నింట్లో నేరుగా. నడకకి రెండు పంపులు, ఎడమ చక్రాలకొకటి, కుడి చక్రాలకొకటి. పంపు పంపిన ఆయిల్ ఆ వైపు మోటార్‌ని తిప్పుతుంది, మోటార్ నుంచి చైన్ల ద్వారా ముందు చక్రం, వెనక చక్రం రెండూ తిరుగుతాయి. ముందు చక్రాలు మన ట్రాక్టర్‌లా పక్కకి తిరగవు. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ తిరిగితే బండి జారుకుంటూ మలుపు తీసుకుంటుంది. చేతులు ఎత్తడానికీ బకెట్ వంచడానికీ వేరే గేర్ పంపు ఉంటుంది. నడక పంపులకి ఆయిల్ తక్కువ కాకుండా ఎప్పుడూ నింపుతూ ఉండే చార్జ్ పంపు అని ఇంకొకటి. వీటన్నిటికీ ఆయిల్ మాత్రం సాధారణంగా ఒకే ట్యాంకు నుంచి వెళ్తుంది.

ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. సగం రోగాలు దీనితోనే తేలిపోతాయి.

నా పద్ధతి నాలుగు మాటలు. కడుగు, చూడు, విను, ఆఖర్న విప్పు. చాలాచోట్ల జరిగేది దీనికి తిరగేసి. ముందు విప్పుతారు, తర్వాత చూస్తారు. మురికి చేతులతో, షెడ్డు పక్కన దుమ్ములో హైడ్రాలిక్ పైపు విప్పితే, రోగం లేని పంపుకి కూడా రోగం వస్తుంది. లోపల భాగాల మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. ఇసుక రేణువు ఒకటి వెళ్ళినా గీత పడుతుంది.

పొద్దున పావుగంట

రోజూ ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఇవి చూస్తాను. ఇంజన్ ఆయిల్, కూలెంట్, హైడ్రాలిక్ ఆయిల్ లెవెల్. హైడ్రాలిక్ లెవెల్ చేతులు కిందికి దించి, బండి చదునైన చోట ఉన్నప్పుడే చూడాలి. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే స్క్రూ తిప్పి చూస్తాను. తర్వాత గ్రీజు. చేతుల పిన్నులు, సిలిండర్ల పిన్నులు, బకెట్ తగిలించే ప్లేటు పిన్నులు. ఎనిమిది పది గంటల పనికొకసారి తప్పనిసరి. పాత మట్టి గ్రీజు బయటికొచ్చి కొత్త గ్రీజు కనపడేదాకా కొట్టాలి. నిప్పిల్ తీసుకోకపోతే వదిలేయకండి, కొత్తది వేయండి. వంద రూపాయల గ్రీజు మానేస్తే పిన్నూ బుష్షూ అరిగి, కన్నాలు కోలగా అయిపోయి, లేత్ షాపులో బోరింగ్ దాకా వెళ్తుంది.

బకెట్ తగిలించాక కింద రెండు గూటాలు ప్లేటు కన్నాల్లోంచి పూర్తిగా బయటికొచ్చాయా లేదా దిగి కళ్ళతో చూడండి. లివర్ పడింది కదా అని వదిలేయొద్దు. పైకెత్తాక ఊడిపడిన బకెట్ ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

సాయంత్రం పని అయ్యాక కడగడం. కోళ్ళ పెంటలో అమ్మోనియా ఉంటుంది, అది ఇనుముకంటే ముందు రాగి వైర్లనీ కనెక్టర్లనీ తింటుంది. పచ్చటి చిలుము కనపడిందంటే అదే. అయితే ప్రెషర్ గన్‌తో వైర్ల జాయింట్ల మీద, డైనమో మీద, సెల్ఫ్ మీద నేరుగా కొట్టకండి. అక్కడ బ్రష్షూ, కంప్రెసర్ గాలీ చాలు.

రేడియేటర్, ఆయిల్ కూలర్ చాలా మోడళ్ళలో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మధ్యలో ఈకలు పేరుకుంటాయి, పైనుంచి చూస్తే అద్దంలా శుభ్రంగా కనిపిస్తుంది. రెండింటినీ విడదీసి, మురికి పట్టిన వైపు నుంచి కాకుండా దాని వెనక వైపు నుంచి గాలి ఊదాలి. ఇంజన్ కింద పొట్ట ప్లేటులో పేరుకున్న ఎండు పెంట, ఈకలు, డీజిల్ తడి అన్నీ కలిస్తే సైలెన్సర్ వేడికి అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. వారానికొకసారి ఆ ప్లేటు విప్పి తీసేయండి. చిన్న మంటలార్పే సిలిండర్ ఒకటి క్యాబిన్లో పెట్టుకోండి.

ఎయిర్ ఫిల్టర్‌ని టైరుకేసి కొట్టే అలవాటు మనందరికీ చూసిందే. కాగితం చిరిగితే దుమ్ము నేరుగా ఇంజన్లోకే. లోపలి చిన్న ఫిల్టర్‌ని అసలు శుభ్రం చేయకూడదు, మార్చడమే.

నడక తగ్గింది, ఇప్పుడేం చూడాలి

పోయిన ఎండాకాలం నా మిషన్‌కి ఇదే వచ్చింది. పొద్దున రెండు గంటలు బాగానే చేసేది. పది దాటాక పెంట గుట్టలోకి తోస్తే ముందుకి పోదు, చేతులు కూడా నెమ్మదిగా లేచేవి. పట్నం నుంచి మెకానిక్ వచ్చి, పది నిమిషాలు నడిపి, "పంపు అరిగిపోయిందండి, మొత్తం దింపాలి" అన్నాడు. లక్షన్నర దాకా అవుతుందన్నాడు. వేడెక్కాక బలం తగ్గితే పంపు అరుగుదల అనుకోవడం తప్పేమీ కాదు, చాలాసార్లు అదే నిజం. వేడికి ఆయిల్ పలచనై, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. కానీ లక్షన్నర పెట్టేముందు రూపాయి ఖర్చు లేనివి చూడాలి కదా. రెండు రోజులు ఆగమన్నాను.

మొదటి ప్రశ్న: తోసినప్పుడు ఇంజన్ గొంతు పడిపోతోందా, లేక ఇంజన్ అదే స్పీడులో ఉండి బండే కదలట్లేదా? గొంతు పడి నల్లపొగ వస్తే రోగం ఇంజన్ వైపు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, డీజిల్ పైపులో గాలి చూడాలి. ఇంజన్ హాయిగా తిరుగుతూ బండి కదలకపోతే హైడ్రాలిక్ వైపు. నాది రెండో రకం.

రెండో ప్రశ్న: ఒక వైపేనా, రెండు వైపులా? నడక ఒక్కటేనా, చేతులు కూడానా? ఇందాక చెప్పిన ఒకే ట్యాంకు సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఎడమ పంపు, కుడి పంపు, చేతుల పంపు మూడూ ఒకే వారంలో కలిసి అరగడం అరుదు. అన్నీ ఒకేసారి నీరసించాయంటే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. ఆయిల్ లెవెల్, ఫిల్టర్, ట్యాంకు నుంచి పంపుకి వెళ్ళే సక్షన్ పైపు, బెల్టు ఉన్న మోడలైతే బెల్టు. బెల్టు జారితే కీచుమంటుంది, రబ్బరు మాడిన వాసన వస్తుంది. నాకు అది లేదు.

మూడోది ఆయిల్ మొహం చూడటం. పని మధ్యలో ఆపి చూస్తే ఆయిల్ తెల్లగా ఉంది. తెల్లగా ఉంటే రెండు కారణాలు, నీళ్ళు కలవడం లేదా గాలి కలవడం. తేల్చడానికి గాజు సీసాలో కాస్త పట్టి పక్కన పెట్టండి. కాసేపటికి బుడగలు పైకొచ్చి తేరుకుంటే గాలి. తెల్లగానే ఉండిపోతే నీళ్ళు. నాది అరగంటలో తేరుకుంది.

గాలి అంటే సక్షన్ పైపు. ఇక్కడ చాలామంది అడిగేది, "లీకుంటే కింద ఆయిల్ కారాలి కదా?" అని. పంపు పీల్చుకునే వైపు లీకుంటే పనిలో ఉన్నప్పుడు బయటికి కారదు, లోపలికి గాలి పీలుస్తుంది. నేల పొడిగానే ఉంటుంది. పంపు దగ్గర చెవి పెడితే మాత్రం గీ అని సన్నగా ఏడుస్తున్నట్టు శబ్దం వస్తుంది. పైపు మీద చెయ్యివేసి నొక్కితే కర్రలా గట్టిపడిపోయి ఉంది, క్లిప్పు దగ్గర సన్నటి పగుళ్ళు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి సర్దుకుంది, వేడెక్కాక పగులు తెరుచుకుంది.

సక్షన్‌కి పనికొచ్చే వైరు అల్లిన పైపు, కొత్త క్లిప్పులు రెండు, హైడ్రాలిక్ ఫిల్టర్, తగ్గిన ఆయిల్. అంతా కలిపి 6,000 లోపే అయింది. బండిని ముందు కడిగి, జాయింట్ల చుట్టూ గాలి ఊది, ఆ తర్వాతే విప్పాం. పంపు ఈ రోజుకీ అదే.

ఆయిల్ గురించి ఒక మాట. కొన్ని పాత మోడళ్ళు ఇంజన్ ఆయిలే హైడ్రాలిక్‌లో పోయమంటాయి, కొన్ని వాళ్ళ ప్రత్యేకమైన ఆయిల్ అడుగుతాయి. మాన్యువల్ చూసి పోయండి, రెండు రకాలు కలపకండి. మాన్యువల్ లేకపోతే సీరియల్ నంబరు పెట్టి సంపాదించండి. మిషన్‌తో పాటు కొనాల్సిన మొదటి పార్టు అదే.

ఒక వైపే నీరసిస్తే

అప్పుడు ఆ వైపు లింకేజీ, చైను, మోటార్, పంపు చూడాలి. ముందు లివర్ రాడ్డు వదులైందేమో చూడండి, బోల్టు బిగిస్తే పోయేదానికి మోటార్ దింపినవాళ్ళున్నారు. తర్వాత జాకీ పెట్టి, కింద గట్టి చెక్క దిమ్మలు వేసి, ఇంజన్ ఆపి, చక్రాన్ని చేత్తో ఆడించండి. ఎక్కువ ఆట ఉండి, ముందుకీ వెనక్కీ మార్చినప్పుడు ఠక్కుమంటే చైను సాగింది. చైన్ బాక్సులో ఆయిల్ ఉందా లేదా కూడా చూడండి, అది ఒకటుందనే చాలామందికి తెలీదు.

టైర్ల సంగతి కూడా ఇక్కడే. ఒకే వైపు రెండు టైర్లు చైన్లతో కట్టేసి ఉన్నట్టే లెక్క. ముందు కొత్తది, వెనక అరిగినది వేస్తే రెండూ ఒకే దూరం తిరగలేవు. చైను మీద ఎప్పుడూ లాగుడే. ఒక వైపు రెండూ ఒకే సైజు, ఒకే గాలి ఉండాలి.

పంపా, మోటారా అని తేల్చడానికి తెలిసిన మెకానిక్ అయితే రెండు వైపుల పైపులూ అటూ ఇటూ మార్చి చూస్తాడు. నీరసం రెండో వైపుకి మారితే పంపు, అదే వైపు ఉండిపోతే మోటార్. "మార్చి చూశావా?" అని మీరు అడగండి చాలు, మీకు తెలుసని అతనికి అర్థమవుతుంది. ఈ ఏడాది నా ఎడమ మోటార్ ఇలాగే తేలింది, నిజంగానే అరిగింది. 60,000 పైనే అయింది. అన్నీ చవగ్గా తేలతాయని చెప్పను. కానీ ఆ 60,000 సరైన చోట పడిందని ధైర్యంగా ఉన్నాను.

పైపు లీకు వెతకడానికి చెయ్యి పెట్టకండి. ఇది మాత్రం దండం పెట్టి చెబుతున్నాను. సూది మొనంత కన్నంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్ళిపోతుంది. బయటికి చీమ కుట్టినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చిపోతుంది, వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అట్ట ముక్క పట్టుకుని వెతకండి. ఎవరికైనా అలా జరిగితే పసుపు పెట్టి ఇంట్లో కూర్చోబెట్టకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి వెళ్ళిందని డాక్టరుకి చెప్పండి.

సీటు ముందున్న కడ్డీ

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇది. మా తమ్ముడి కొడుకు నా మిషన్ నడుపుతాడు. కుర్రాడు పనిమంతుడు. రెండు నెలల క్రితం పని మధ్యలో మిషన్ ఉన్నట్టుండి లాక్ అయిపోవడం మొదలైంది. కడ్డీ ఎత్తి దించితే మళ్ళీ కదిలేది.

"పెదనాన్నా, ఆ స్విచ్చి వైర్లు రెండూ కలిపేస్తే అయిపోద్ది. పక్కూరి ఫారంలో అలాగే నడుపుతున్నారు" అన్నాడు.

"కలిపితే మిషన్ నడుస్తుందిరా, నువ్వెలా దిగుతావ్?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. సీట్లో కూర్చోబెట్టి చూపించాను, మీకూ అదే చెబుతున్నా.

ఈ బండిలో మనిషి కూర్చునేది రెండు ఇనప చేతుల మధ్య. దిగేది ముందు నుంచి, బకెట్ మీదుగా. పెడల్స్ ఉన్న మోడల్లో అవి సరిగ్గా దిగే దారిలోనే ఉంటాయి. చేతులు పైకెత్తి ఉంచి, ఇంజన్ ఆన్‌లో ఉండగా, బకెట్లో ఇరుక్కున్నది తీద్దామని ముందుకి వంగితే కాలు పెడల్ మీద పడుతుంది. చేతులు కిందికొస్తాయి. మనిషి చేతులకీ ఫ్రేముకీ మధ్య ఉంటాడు. కడ్డీ ఎత్తగానే చేతులూ నడకా లాక్ అయ్యేది అందుకే. ఆ వైర్లు కలిపితే ఆ లాక్ లేనట్టే.

రోగం ఏంటంటే, సీటు కింద కనెక్టర్లో పచ్చటి చిలుము. కొత్త కనెక్టర్, కాస్త పెట్రోలియం జెల్లీ, 200 రూపాయలు. ఇలా లాక్ అయినప్పుడు ఫ్యూజు, కనెక్టర్లు, సీటు స్విచ్చి, ఎలుక కొరికిన వైర్లు, ఈ వరసలో చూడండి. వారానికొకసారి పరీక్ష కూడా చేయండి. చేతులు కిందే ఉంచి, ఇంజన్ ఆన్‌లో, సీట్లో కూర్చునే కడ్డీ ఎత్తి లివర్లు, పెడల్స్ మెల్లగా కదపండి. ఏదీ కదలకూడదు. కదిలితే ఆ రోజు పని ఆపేయండి.

చేతులు ఎత్తి ఉంచి కింద పనిచేయాల్సి వస్తే సిలిండర్ రాడ్డు మీద పెట్టే లాక్ ఉంటుంది. అది పెట్టకుండా ఎవరినీ కిందికి వెళ్ళనీయకండి. పాత మిషన్లలో ఈ లాక్ ఎక్కడో పోయి ఉంటుంది, తెప్పించుకోండి. ఇటుకలు, సర్వీ బాదులు దానికి బదులు కావు.

నడిపేటప్పుడు లోడు నేలకి దగ్గరగా పెట్టుకోండి. చక్రాల మిషన్ మీద రాసి ఉండే లోడు, బండి ముందుకి తిరగబడే బరువులో సగం. ఎత్తగలిగింది కదా అని ఎత్తొద్దు. వాలు ఎక్కేటప్పుడు బరువున్న వైపు పైకి ఉండాలి. బకెట్ నిండుగా ఉంటే ముందుకి ఎక్కండి, ఖాళీగా ఉంటే వెనక బరువెక్కువ కాబట్టి రివర్సులో ఎక్కండి.

కొనబోయేవాళ్ళకి

ముందే ఫోన్ చేసి "ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మనకంటే ముందే వేడి చేశారన్నమాట, ఇంకోరోజు రండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగో చూడాలి. నీలంగా వస్తూనే ఉంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది.

తర్వాత గంటసేపు పని చేయించండి. వేడెక్కాక గుట్టలోకి తోయించండి. ఐదు నిమిషాల ట్రయల్‌లో అరిగిన మోటార్ దొరకదు. మీటరు గంటల్ని పెడల్స్ అరుగుదలతో, సీటుతో, పిన్నుల ఆటతో పోల్చండి. 1,500 గంటలని చూపిస్తూ పెడల్ నున్నగా అరిగిపోయి ఉంటే మీటరుని నమ్మకండి. కడ్డీ స్విచ్చి వైర్లు కలిపేసి ఉన్నాయేమో చూడండి. అది కలిపినవాడు మిగతావి కూడా అలాగే చూసుకుని ఉంటాడు. కొత్త పెయింటుకి ధర ఇవ్వకండి. సీరియల్ నంబరు ఫోటో తీసి, పార్టులు దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

నా క్యాబిన్లో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఏ గంటకి ఏ ఆయిల్ మార్చాం, ఏ ఫిల్టర్, ఏ శబ్దం ఎప్పుడు మొదలైంది అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడు రాసేది మా వాడే. మీ మిషన్‌కి ఏం జరుగుతోందో కింద రాయండి. రెండు వైపులా ఒక వైపా, చల్లగానా వేడిగానా, ఇంజన్ గొంతు పడుతోందా లేదా, ఈ మూడూ మాత్రం తప్పకుండా రాయండి. అవి లేకుండా ఎవరూ సరిగ్గా చెప్పలేరు.